రజస్వలాశబ్దము - స్త్రీజీవిత చరిత్రము

రజశ్శబ్దముపై మత్వర్థమున వలచ్ ప్రత్యయము రాగా రజస్వలా శబ్దము సిద్ధించును. పాణిని ఈ ప్రత్యయమును విధించిన సూత్రమున (5-2-112) రజస్సుతోపాటు కృషి, ఆసుతి, పరిషత్తు అను శబ్దములును గలవు. కృషీవలుడగు కాపును, ఆసుతీవలుడగు మద్యవిక్రేతయు, పరిషద్వలుడగు రాజును, రజస్వలయగు స్త్రీయు ఒక్క సూత్రముచేతనే వ్యుత్పన్నులు. కలిమిని దెలుపుటయే ఆ ప్రత్యయమునకు పని. దోషమును దెలుపుట కాదు. అమరసింహుడు చెప్పిన పర్యాయములలోను ఋతుమతి, పుష్పవతి యనునవి ప్రకృతిశోభను స్ఫురింపజేయుచుండగా, మలిని యనునది మాత్రమే మాలిన్యమును స్ఫురింపజేయుచున్నది. తెలుగునకు వచ్చుసరికి ఈ పాళ్లు తలక్రిందులైనవి. ముట్టు, అంటు, మైల, దూరముండుట, బయటచేరుట - ఇవి యన్నియు స్పర్శభయమున పుట్టిన మాటలు. ఒక్క ప్రథమార్తవమునకు మాత్రము సమర్తాడుట, ఈడేరుట, పెద్దమనిషియగుట అను మంగళవచనములు గలవు. ఆనాడు పేరంటము, పాటలు, చిమ్మిలి యుండలు. నెల తిరిగిన పిమ్మట అదే పిల్లకు పెరటి వసారాలో ఒక మూల. వేడుకయు వెలియు ఒక్క కారణమునకే ప్రాప్తించినవి.

ఈ వెలికి ఆధారముగా చూపబడునది తైత్తిరీయ సంహితలోని ఆఖ్యానము (2-5-1). ఆంధ్రదేశపు వైదికులలో పెక్కుర శాఖ అదియే యగుటచే దానికిచట ప్రాబల్యము మెండు. ఇంద్రుడు త్వష్టపుత్రుడగు విశ్వరూపుని జంపి బ్రహ్మహత్యను మూటగట్టుకొనెను. ఆ పాపమును మూడు పాళ్లుచేసి భూమికి, వృక్షములకు, స్త్రీలకు పంచియిచ్చెను. ప్రతిగా వారికి వరము లొసగెను. భాగవత షష్ఠస్కంధమున జలము నాలుగవ పాలిదైనది. ఏర్చూరి సింగన తెలిగించిన స్కంధ మిదియే. హంత యొకడు, భోక్తలు వేరొకరు. ఇంతకంటెను చూడదగిన విశేషము వేరొకటి గలదు. చవిటినేల ఆహితాగ్నికి నివాసయోగ్యము కాదనియు, చెట్టునుండి కారు ఎర్రని బంక తినరాదనియు ఆ శ్రుతియే నిషేధించినది. ఆ రెండు నిషేధములును నేడెవరికి జ్ఞప్తియందున్నవి? పాలు పొందిన మువ్వురిలో స్త్రీభాగము మాత్రమే ఇంటింటి ఆచారమై మిగిలినది. ఆమె తల దువ్వరాదు, కాటుక పెట్టరాదు, గోళ్లు తీయరాదు, నూలు వడకరాదు, త్రాడు పేనరాదు. ఈ నియమము లతిక్రమించినచో ఫలము పుట్టబోవు బిడ్డకని చెప్పుటచే తల్లి భయమే కావలియైనది.

ఇవి విశ్రాంతికొరకు ఏర్పడిన నియమములని సమర్థించువారు గలరు. ఆ విశ్రాంతి ఎవరికి దక్కినదో వారు విచారింపలేదు. నేడు సిద్దిపేట జిల్లాలోనున్న మర్కూకు 2016 వరకు మెదకు జిల్లాలోనిది. అట్టి పల్లెలలో చెరువు క్రింద నాట్లు వేయు కూలిస్త్రీకి మూడునాళ్ల విరామమును ఏ ధర్మశాస్త్రమును ఇప్పింపలేదు. పనికి రానిచో కూలి లేదు. వంటకుండకు అంటు గలదు గాని వరినారునకు లేదు. స్పర్శనిషేధము ఆపదలో రక్షయైనదా యనిన, అదియు లేదు. కురుసభకు ఈడ్వబడునాడు ద్రౌపది రజస్వల, ఏకవస్త్ర. దుశ్శాసనుని చేయి వెనుదీయలేదు.

వివాహవిషయమున ఈ శబ్దము చేసిన చెరుపు మరింత ఘోరము. ఎనిమిదేండ్లది గౌరి, తొమ్మిదేండ్లది రోహిణి, పదేండ్లది కన్య, ఆపైని రజస్వల యని పరాశరస్మృతి విభజించి, ఆపైని పిల్లను ఇంటనుంచుకొన్న తలిదండ్రులకు నరకము చెప్పినది. మనువు మాత్రము గుణహీనునకు ఇచ్చుటకంటె, ఋతుమతియైనను కన్య ఆమరణము పుట్టింట నుండుటయే మేలనెను. మూడేండ్లు వేచి తానే వరుని వరింపవచ్చుననియు అనుమతించెను (9-89, 90). పదునారేండ్లు నిండని స్త్రీయందు గర్భము నిలుచుట కీడని సుశ్రుతుడు హెచ్చరించెను. ఇన్ని వాక్యము లుండగా లోకము పరాశరునే పట్టుకొన్నది. నరకభీతికి ధనాశ తోడైనచోట ఏమి జరిగెనో గురజాడ అప్పారావు 1897 నాటి కన్యాశుల్క పీఠికలో లెక్కలతో చూపెను. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన 1,034 శుల్కవివాహముల పట్టిక అది. అందు అయిదేండ్ల పిల్లలు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది శిశువులు 3. వెరసి 188. స్మృతి ఎనిమిదేండ్ల పిల్లను గౌరియన్నది. ఏడాది పిల్లకు దానియందును పేరు లేదు.

1891లో సమ్మతివయస్సు పదినుండి పండ్రెండునకు పెరిగినది. శారదా శాసనము 1929లో బాలికకు పదునాలుగేండ్లని నిర్ణయించి, 1930 ఏప్రిలు 1న అమలునకు వచ్చినది. ఆ నడుమ నెలలలో త్వరపడి కట్టిన తాళ్లెన్నియో 1931 జనగణనయే చెప్పినది. నిజాము రాజ్యమున ఈ ఆంగ్లశాసనము చెల్లలేదు గనుక మర్కూకు బాలికకు దాని రక్ష లేదు. ఆ మెదకు జిల్లాలోని జోగిపేటలోనే 1930 మార్చిలో నిజామురాష్ట్ర ఆంధ్రమహాసభ సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతను, దానితో ఆంధ్ర మహిళాసభ నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతను జరుగుట గుర్తింపదగినది. తెలంగాణపు స్త్రీలు తమ మాట తామే సభలో చెప్పుకొనుటకు అది గొప్ప ఆరంభము.

ఆ సభలకు రాలేని బాలికలు వేరుండిరి. అగ్రవర్ణముల పిల్లకు ఈడేరకమునుపే పెండ్లి. తెలంగాణపు దళితవాడలలో కొందరు పిల్లలకు ఈడేరకమునుపే ఎల్లమ్మకో పోచమ్మకో సమర్పణము. ఈడేరిన జోగిని ఊరి పెద్దల భోగ్యమయ్యెను. పేరు దేవతది, అనుభవము దొరది. దీనిని నిషేధించు శాసనము ఆంధ్రప్రదేశమున 1988లో గాని రాలేదు.

భండారు అచ్చమాంబ (1874-1905) అబలాసచ్చరిత్రరత్నమాల రచించి స్త్రీల చరిత్రమును స్త్రీయే వ్రాయు మార్గము వేసినది. అయినను దేహవిషయములు వారి కలములకు చాలకాలము నిషిద్ధములుగానే యుండినవి. కావ్యములలో స్త్రీదేహమును వర్ణించినవారు పురుషులు, దాని బాధను అనుభవించినవారు స్త్రీలు. 1993లో వోల్గా సంకలనముచేసిన నీలిమేఘాలు వెలువడునాటికి ఆ నిషేధము సడలినది. పత్రికలలోను, పాఠశాలలలోను ముట్టు అను మాటకు మారుగా నెలసరి యను మాట వ్యాపించుచున్నది. అందు కాలగణనమే గలదు, స్పర్శ లేదు.