తెల్లారి వెలుగులో రాజమండ్రి

రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. ఈ ఊళ్లో ఫొటోలు తీసేవాడికి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఇదే. సాయంత్రం పొద్దు నదికి అవతల, కొవ్వూరు వైపు వాలుతుంది. పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడితే పడవలు, వంతెన, స్నానం చేసే మనుషులు అందరూ ఆ వెలుగుకు అడ్డంగా నల్లగా కనబడతారు. తెల్లవారుజాము సంగతి వేరు. సూర్యుడు ఊరి వెనకనుంచి మేడలు దాటుకుని వస్తాడు. అర్ఘ్యం ఇచ్చేవాళ్లు తూర్పుకే తిరగాలి కాబట్టి నీళ్లలో నిలబడి ఊరి వైపు చూస్తారు. మెట్ల మీద ఉన్నవాడికి ప్రతి ముఖమూ తేటగా కనబడుతుంది.

ఇరవైల్లో నేను సాయంత్రాలే తీసేవాణ్ణి. ఇన్నీసుపేటలో ఒక స్టూడియోలో పని. పగలు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, మాఘమాసం వస్తే పెళ్లిళ్లు, రాత్రి డార్క్‌రూమ్. మధ్యలో పొద్దువాలే వేళ మాత్రం నాది. కెమెరా భుజాన వేసుకుని గట్టు మీదికి వెళ్లిపోయేవాణ్ణి. నాకు కావలసింది పాత వంతెన. ఎర్రటి ఆకాశం మీద ఆ ఇనుప గర్డర్ల వరుస, కింద ఒక నావ, నావలో నల్లటి నీడగా ఒక మనిషి. ఆ మనిషి ఎవరని ఎన్నడూ అడగలేదు, ఆ ఫొటోకు ఆ అవసరం ఉండేది కాదు. క్యాలెండర్లకు అలాంటివే కావాలనేవారు.

ఆ వంతెన మీద ఊరి మమకారం ఊరికే పుట్టలేదు. అది లేనప్పుడు మద్రాసు వైపు నుంచి రైల్లో వచ్చినవాళ్లు కొవ్వూరులో దిగి, నది దాటి, ఇవతల మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. వరద రోజుల్లో ఆ దాటడం ఎలా ఉండేదో గోదారి ఒడ్డున పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. 1897లో పని మొదలుపెట్టి, ఇంజనీరు గ్రాన్విల్ వాల్టన్ ఆధ్వర్యంలో 1900కల్లా పూర్తిచేశారు. 56 స్పాన్లు, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు. మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. రైలు దాని మీదికి రాగానే కిటికీల్లోంచి చేతులు బయటికొచ్చేవి, గోదారమ్మకు చిల్లర డబ్బులు పడేవి. 1974లో రోడ్డు, రైలు కలిసిన రెండో వంతెన వచ్చింది. 1997లో ఆర్చి వంతెన అందుబాటులోకి రావడంతో పాతదాని మీద రైళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు మూడూ ఒకే నది మీద నిలబడి ఉన్నాయి. నాణేలు పడటం ఆగలేదు, వంతెన మారిందంతే. తాడుకు అయస్కాంతం కట్టి ఆ నాణేల కోసం వెతికే పిల్లలు రేవులో ఇంకా ఉన్నారు.

తర్వాత హైదరాబాదు వెళ్లాను, పత్రికల్లో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ నేర్చుకున్నదాన్లో ఎక్కువ భాగం ముఖాల గురించే. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజున, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. ఆ రోజు నేను ఆఫీసులో కూర్చుని వచ్చిన ఫొటోలు చూస్తున్నాను. చిన్నప్పటినుంచీ తెలిసిన మెట్లు. వాటి మీద విడిచిపోయిన చెప్పులు, తడి బట్టలు, తమవాళ్ల కోసం వెతుక్కుంటున్న ముఖాలు. నా పాత పెట్టెలో అదే రేవు ఫొటోలు బోలెడు ఉన్నాయి. వాటిలో ఒక్క ముఖం లేదు. ఊరికి తిరిగి రావాలన్న ఆలోచన ఆ రాత్రి మొదలైంది. రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

వచ్చాక మొదట వెళ్లింది గోదావరి గట్టు దగ్గరున్న దామెర్ల రామారావు చిత్రశాలకు. చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్తే అటూ ఇటూ పరిగెత్తి వచ్చేసిన చోటు. రామారావు పుట్టింది 1897లో, వంతెన పని మొదలైన ఏడాదే. ఇక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపారు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. చదువయ్యాక రామారావు బొంబాయిలో పేరు తెచ్చుకుంటూ ఉండిపోవచ్చు. ఆయన ఇంటికి వచ్చి, ఇక్కడే చిత్రకళ నేర్పడం మొదలుపెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత బడినీ, చిత్రాలనూ కాపాడింది మిత్రుడు వరదా వెంకటరత్నం. అందుకు ఈ ఊరు ఆయనకు ఎంతైనా రుణపడి ఉంది.

‘నందిపూజ’, ‘కార్తీక పౌర్ణమి’ లాంటి చిత్రాల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ ఆడవాళ్లు మన వీధుల్లో కనబడేవాళ్లే. మెడ వంపు, చేతి వేళ్లు, పని మీదున్న మనిషి చూపు, ప్రతిదీ దగ్గరగా కూర్చుని చూసినవాడి పని. నేను ఆ వయసులో దూరాలు వెతుక్కుంటూ తిరిగాను. ఆయన అదే వయసుకు పక్కింటి మనుషుల్లో కావలసినంత చూశారు.

దీన్ని కెమెరా పాఠంగా మాత్రమే తీసుకోలేను, ఊరి చరిత్ర కూడా ఆ వైపే నడిపిస్తుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం ఈ ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్లి తేదీ, ఆయన పేరు బడి పుస్తకాల్లో ఉన్నాయి. నాకు ఎక్కువ గుర్తుండేది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. వెలికి భయపడి వంటవాళ్లూ నీళ్లవాళ్లూ రాకపోతే ఆవిడే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టింది. దారిలో ఎవరు తలుపు వేసుకున్నారో, ఎవరు ఏమన్నారో. ఆ రోజు బిందెతో మెట్లెక్కుతున్న ఆవిడ ఫొటో ఒకటి ఉంటే, నేను తీసిన వంతెనలన్నీ దాని పక్కన పెట్టడానికి కూడా ఒప్పుకోను.

ఇప్పుడు తెల్లవారకముందే రేవుకు వెళ్తున్నాను. క్షురకులు, పిండాలు పెట్టించే పురోహితులు, పడవ సరంగులు, అరటి దొప్పల్లో దీపాలు అమ్మే ఆడవాళ్లు. కొత్తల్లో ఒకావిడ ముందు కెమెరా ఎత్తితే, “ఉండండి బాబూ, బొట్టు సరిజేసుకోనివ్వండి” అంది. ఉన్నాను. బొట్టు దిద్దుకుని, కొంగు సవరించుకుని, దొప్పల గంప ముందుకు జరిపి, తను ఎలా కనబడాలనుకుందో అలా కూర్చుంది. ఆ ఫొటో బాగుండటానికి కారణం ఆవిడే. అప్పటినుంచీ ముందు పలకరింపు, తర్వాతే కెమెరా.

2027లో మళ్లీ పుష్కరాలు. ఘాట్లు మారతాయి, పాత వంతెనను పర్యాటకులకు తెరవాలన్న మాట ఎప్పటినుంచో ఉంది. అది జరిగితే సంతోషించేవాళ్లలో నేనూ ఉంటాను. అయితే గవర్నరు పేరు నిలిచిన ఆ వంతెన మీద, నడినదిలో పునాదులు దింపిన కూలీల పేర్లు లేవు. అందుకే రేవులో తీసిన ప్రతి ఫొటో ప్రింటు వేసి వెనక పేరు, పేట, చేసే పని, తేదీ రాస్తున్నాను. ఒక కాపీ వాళ్లకు ఇచ్చేస్తాను. రెండో కాపీలన్నీ పుష్కరాలయ్యాక గౌతమీ గ్రంథాలయం వాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే అక్కడ పెడతాను.