ఓటుతో నడిచే వాద్యబృందం

1882లో బెర్లిన్‌లో బెంజమిన్ బిల్సే బృందంలో పనిచేసే వాద్యకారులకు ఓపిక నశించింది. చాలీచాలని జీతాలతో వాళ్లు అప్పటికే విసిగి ఉన్నారు. వార్సాలో కచేరీకి వాళ్లను రైల్లో నాలుగో తరగతి పెట్టెల్లో తీసుకెళ్లాలని బిల్సే తలపెట్టాడు. దాంతో 54 మంది ఒక్కసారిగా బయటికొచ్చేసి సొంతంగా బృందం కట్టుకున్నారు. ఇక యజమాని ఉండడు, ఏ నిర్ణయమైనా తామే తీసుకుంటారు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ అలా మొదలైంది.

బృందమైతే ఏర్పడింది, మరి వాయించడానికి చోటు? బెర్న్‌బుర్గర్ వీధిలో చక్రాల స్కేటింగ్ కోసం కట్టిన హాలు దొరికింది. 1888లో వాస్తుశిల్పి ఫ్రాంజ్ ష్వెష్టెన్ దాన్ని అసలైన కచేరీ మందిరంగా మార్చాడు. ఎవరు నిర్ణయించాలి, ఎక్కడ వాయించాలి అన్న ఈ రెండు ప్రశ్నలూ ఆనాటి నుంచి ఆ బృందాన్ని వదల్లేదు.

మొదటి ప్రశ్నకు అతి చేదు జవాబు నాజీల కాలంలో వచ్చింది. వాద్యకారులే వాటాదారులుగా నడుస్తున్న సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 1934లో ఆ వాటాలను ప్రభుత్వం కొనేసింది, బృందం గోబెల్స్ ప్రచార శాఖ చేతికి చిక్కింది. ప్రధాన వయొలినిస్టు షిమోన్ గోల్డ్‌బర్గ్‌తో సహా యూదు కళాకారులు వెళ్లిపోవాల్సి వచ్చింది. పదేళ్లకు, 1944 జనవరి 30న, బాంబు దాడిలో హాలూ నేలమట్టమైంది.

యుద్ధం ముగిసిన నెలలోనే, 1945 మే 26న, ఆ బృందం టిటానియా పలాస్ట్ అనే సినిమా హాల్లో కచేరీ చేసింది. రికార్డింగులకు దాలెమ్‌లోని యేసుక్రీస్తు చర్చిని ఎంచుకున్నారు. ఇల్లు లేని ఆ ఏళ్లలో వాద్యకారులు చోటు మారినప్పుడల్లా తమ నాదాన్ని కొత్త గోడలకు తగ్గట్టు సరిచూసుకోవాల్సి వచ్చింది.

కొత్త ఇంటి నమూనా పోటీలో 1956లో హాన్స్ షారూన్ గెలిచాడు. ఎక్కడైనా ఎవరైనా వాయించడం మొదలుపెడితే జనం చుట్టూ మూగుతారు, హాలు కూడా అలాగే ఉండాలన్నది ఆయన ఆలోచన. వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ లాంటి పాత హాళ్లు పొడవుగా, ఇరుకుగా ఉంటాయి. దగ్గరగా ఉన్న పక్క గోడలే నాదాన్ని నిండుగా చెవికి చేరుస్తాయి. వేదికను మధ్యకు తెస్తే ఆ గోడలు దూరమైపోతాయి. అందుకే ధ్వని నిపుణుడు లోథార్ క్రెమర్ మొదట సందేహించాడు. చివరికి ఇద్దరూ కలిసి దారి కనిపెట్టారు. కొండవాలు మీద ద్రాక్షతోట మడుల్లా సీట్లను వేర్వేరు ఎత్తుల్లో చిన్న చిన్న భాగాలుగా విడదీశారు. ఒక్కో మడి అంచునున్న పొట్టి గోడే ధ్వనిని పక్కవాళ్లకు తిప్పి పంపుతుంది. వాద్యకారులు ఒకరికొకరు వినిపించేలా వేదిక పైన పలకలు వేలాడదీశారు.

1963 అక్టోబర్ 15న అప్పటి ప్రధాన కండక్టర్ కరయన్ నిర్వహణలో ఆ హాలు మొదలైంది. లోపాలు లేకపోలేదు. గాయకుల గొంతు ముందుకే సాగుతుంది కాబట్టి వెనక కూర్చున్నవాళ్లకు పాట పలచగా వినబడుతుంది. కొమ్ము వాద్యమైన హార్న్ నోరు వెనక్కి తిరిగి ఉంటుంది గనుక వాళ్లకు అదే గట్టిగా తగులుతుంది. అయినా ఎదురుగా కండక్టర్ ముఖం చూస్తూ వినే భాగ్యం అక్కడి వాళ్లదే. లాస్ ఏంజెలెస్ డిస్నీ హాలు, హాంబుర్గ్ ఎల్బ్‌ఫిల్హార్మోనీ ఈ పద్ధతినే అందుకున్నాయి.

ఇక ఓటు. వందేళ్లపాటు ఈ బృందంలో మగవాళ్లే వాయించారు. తొలి మహిళగా వయొలినిస్టు మాడెలీన్ కరుత్సో 1982లో చేరింది. అదే ఏడాది క్లారినెట్ వాద్యకారిణి జబీనె మాయర్‌ను తీసుకోవాలని కరయన్ పట్టుబడితే, ఆమె నాదం తమతో కలవదంటూ సభ్యులు 73–4 ఓట్లతో కాదన్నారు. కరయన్‌తో బృందం బంధం మళ్లీ మునుపటిలా కుదరలేదు. అంత ప్రతిభావంతురాలిని వదులుకోవడం బృందానికే నష్టం. నిర్ణయించే హక్కు ఉన్నంత మాత్రాన ప్రతి నిర్ణయమూ సరైనది కాదు.

ఆ హక్కు మాత్రం నిలిచింది. 2015 మే 11న ప్రధాన కండక్టర్‌ను ఎన్నుకోవడానికి సభ్యులు సమావేశమయ్యారు. యుద్ధానంతరం రికార్డింగులు చేసుకున్న ఆ చర్చిలోనే పదకొండు గంటలకు పైగా చర్చించినా తేలలేదు. జూన్‌లో మళ్లీ కూడి కిరిల్ పెట్రెంకోను ఎన్నుకున్నారు. ఆయన 2019లో బాధ్యతలు చేపట్టాడు.