ఉయ్యాల తాడు ఎవరి చేతిలో ఉండేది

మన గూడేల చరిత్ర అనగానే పోరాటాలు, జాతరలు, భూమి చట్టాలు రాస్తాం. పసిబిడ్డ నిద్ర గురించి రాయం. ఆ నిద్ర వెనుక మన ఆడపిల్లల చదువు ఉంది. అందుకే ఈ సంచికకు మేము దాన్నే ఎంచుకున్నాం.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. తునికాకు ఎండ ముదరకముందే కోయాలి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లానికి చేర్చాలి. తల్లి బిడ్డను వీపున కట్టుకునో, చెట్టుకొమ్మకు పాతచీర ఉయ్యాల వేసో పని చేసుకునేది. రెండు మూడు నెలల బిడ్డకు అది చాలు. పగలూ రాత్రీ తేడా తెలియదు, ఎక్కడైనా నిద్రపోతుంది. నాలుగో నెల దగ్గర మొదలవుతుంది తంటా. చిన్న అలికిడికే లేస్తుంది. పాకడం నేర్చేటప్పుడు, పళ్లొచ్చేటప్పుడు మళ్లీ నిద్ర చెదురుతుంది. అప్పుడు ఉయ్యాల ఊపడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి చాలా ఇళ్లలో ఎనిమిదేళ్ల అక్క.

సెలవులయ్యాక హాస్టల్‌కు ఆలస్యంగా వచ్చిన పిల్లలను అడిగితే "తమ్ముడు పడుకోవట్లేదు మేడం" అనేవారు. సాకు అనుకుని కోప్పడ్డాం. తప్పు మాదే.

ఈ కష్టం మనదొక్కటే కాదు. ఒకప్పుడు బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డ ఏడవకుండా నల్లమందు గోలీ పెట్టి వెళ్లేవారు. 1948 ఫ్యాక్టరీల చట్టం శిశుగృహాలు ఉండాలంది. కానీ అడవిలో ఆకు కోసే తల్లికి ఫ్యాక్టరీ ఎక్కడిది? 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి. తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకునే ఆడపిల్లలు బడికి రావాలంటే శిశు సంరక్షణ కేంద్రాలు కావాలని 1986 జాతీయ విద్యా విధానం ఒప్పుకుంది. 2005 ఉపాధి హామీ చట్టం ఇంకో మాట చెప్పింది: పని దగ్గరికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకుమించి వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక కూలీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి. మన ఊరి పనిలో అది జరుగుతోందా? మీరు అడగండి.

ఇప్పుడు తాడు స్థానంలో ఫోను వచ్చింది. కొన్ని ఇళ్లలో దగ్గు మందు కూడా. నిద్ర కోసం బిడ్డకు మందు పోయడం ప్రమాదం, ఊపిరి మందగించవచ్చు. మిల్లుల నల్లమందుకూ దీనికీ పెద్ద తేడా లేదు.

మా దగ్గర చదివి వెళ్లిన ఒక అమ్మాయి ఒక రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. బిడ్డకు ఎనిమిది నెలలు, గంటగంటకూ లేస్తోంది. మేము చెప్పింది అవ్వల పద్ధతే. రోజూ అదే వేళ, అదే జోలపాట, దీపం తగ్గించడం. కళ్లు నలుపుకోగానే పడుకోబెట్టాలి, బాగా అలిసేదాకా ఆగితే ఇంకా మారాం చేస్తుంది. పగటి కునుకు మానిపిస్తే రాత్రి బాగా పడుకుంటుందన్నది వట్టి భ్రమ. చీర ఉయ్యాలలో మెడ వంగవచ్చు, గుడ్డ ముఖం మీద పడవచ్చు. అందుకే పక్కన మనిషి ఉండాలి, నిద్రపట్టాక చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, జ్వరముంటే మాత్రం ఆసుపత్రికి వెళ్లమన్నాం.

"మరి మీ ఆయన ఏం చేస్తున్నాడు?" అని కూడా అడిగాం. నవ్వింది.

మొన్న డీఎడ్ పరీక్ష రాసి వచ్చింది. ఆ మూడు గంటలూ ఉయ్యాల దగ్గర కూర్చున్నది అతనే.