‘మాలపిల్ల’ ముగింపు: మారవలసిన తండ్రి

జంషెడ్‌పూర్ నగరంలోని గోల్‌మురిలో తగరపు పూత రేకుల కర్మాగారం 1922లో ఉత్పత్తి ప్రారంభించింది. కిరోసిన్ డబ్బాలకు కావలసిన రేకులను స్వదేశంలోనే తయారుచేయాలన్న సంకల్పంతో బర్మా ఆయిల్, టాటా సంస్థలు కలిసి దీనిని నెలకొల్పాయి. ఉత్తరాంధ్ర పల్లెల నుండి జంషెడ్‌పూర్‌కు తరలివెళ్ళిన కుటుంబాలకు ఇటువంటి పరిశ్రమలే జీవనాధారాలు. తండ్రి పొలం మీదగాని, కులవృత్తి మీదగాని ఆధారపడక కొడుకు నెలజీతంతో బతికే వీలు తూర్పున వెలసిన ఈ పారిశ్రామిక నగరాలలో ఏర్పడింది.

ఆ వీలు పల్లెలోని తండ్రీకొడుకుల సంబంధాన్ని ఎట్లు కదిలించగలదో చూపిన చిత్రం 1938లో విడుదలైన ‘మాలపిల్ల’. చలం కథకు తాపీ ధర్మారావు మాటలు కూర్చగా, సారథి సంస్థ పక్షాన గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించారు. ఊరి ఆలయంపై అధికారం గల ఛాందసుడు సుందరరామశాస్త్రి. ఆయన కుమారుడు నాగరాజు హరిజన యువతి శంపాలతను ప్రేమిస్తాడు. తండ్రి ఆజ్ఞకు, ఊరి కట్టుబాటుకు తలవంచలేక ఆ జంట కలకత్తా చేరుతుంది.

కథ అక్కడితో ముగిసినా ప్రేమ గెలిచినట్లే. అయితే ఊరు మాత్రం మారకుండా మిగిలిపోయేది. రామబ్రహ్మం కథను మళ్ళీ పల్లెకే మళ్ళించారు. మంటలలో చిక్కుకున్న శాస్త్రి భార్యను ఒక హరిజనుడు ప్రాణాలకు తెగించి కాపాడతాడు. శాస్త్రి మనసు మారుతుంది. ఆలయ ద్వారాలు హరిజనులకు తెరచుకుంటాయి. కొడుకు వివాహానికి తండ్రి ఆశీస్సులు లభిస్తాయి. కుటుంబ కలహానికి, గ్రామ కలహానికి పరిష్కారం ఒకే ఘట్టంలో కుదరడం ఈ ముగింపులోని విశేషం.

ఆనాటికిది కేవలం కల్పన కాదు. తిరువాన్కూరు సంస్థానంలో ఆలయ ప్రవేశ ప్రకటన 1936లో వెలువడింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1939లో వచ్చింది. ఈ రెంటి నడుమ వచ్చిన చిత్రం, చట్టం కన్న ముందే తెలుగు ప్రేక్షకుల ముందు గుడి తలుపులు తెరచింది.

అయినా ఈ ముగింపులో ఒక లోపం లేకపోలేదు. హరిజనుడు తన ప్రాణం పణంగా పెట్టిన తరువాతనే అతని మానవత్వానికి గుర్తింపు లభిస్తుంది. జన్మతః రావలసిన గౌరవం ఉపకారానికి ప్రతిఫలంగా దక్కుతుంది. హృదయ పరివర్తనపై గాంధేయులు ఉంచిన విశ్వాసానికి గల బలమూ, పరిమితీ రెండూ ఇక్కడ కనిపిస్తాయి. అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చాక, ఆ గౌరవం ఒకరి దయకు లోబడని హక్కయింది.

గోల్‌మురి వంటి కార్మిక కేంద్రాలు కొడుకుకు తండ్రిని విడిచి బతికే దారి చూపగలవు. ఆ దారి పట్టలేక ఊరిలోనే మిగిలిన వారి మాటేమిటన్నది ‘మాలపిల్ల’ వేసిన ప్రశ్న. మారవలసినది కొడుకు చిరునామా కాదని, తండ్రి మనసని ఆ చిత్రం చెప్పింది.