ముసునూరి కాపయ నాయకుడు

కాపయ నాయకుడు 14వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన తెలుగు రాజు. కాకతీయుల కథ ముగించి విజయనగరం కథ ఎత్తుకునే తొందరలో పాఠ్యపుస్తకాలు దాటేసే కాలం అతనిది. మల్లంపల్లి సోమశేఖరశర్మ 1945లో ముసునూరి వంశంపై ఇంగ్లీషులో రాసిన గ్రంథానికి, ‘ఆంధ్ర చరిత్రలో మరచిన అధ్యాయం’ అని అర్థమిచ్చే పేరే పెట్టారు.

1323లో ఢిల్లీ యువరాజు ఉలుఘ్ ఖాన్ (తర్వాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్) సేనలు ఓరుగల్లు కోటను పట్టుకున్నాయి. ఢిల్లీకి తరలిస్తుండగా కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఓరుగల్లు కాస్తా సుల్తాన్‌పూర్ అయింది. తొలి తిరుగుబాటు జెండా ఎత్తింది కాపయ దాయాది ప్రోలయ నాయకుడు. భద్రాచలం దాపున రేకపల్లిలో మకాం పెట్టాడు. కోనసీమలోని విలస గ్రామాన్ని అతను దానమిచ్చిన రాగిరేకుల్లో ఆనాటి కష్టాల చిట్టా ఉంది: అగ్రహారాలు పోయాయి, పండించిన పంట రైతుకు దక్కలేదు. దానశాసనంలో దాత గొప్ప కొంత పెరగడం మామూలే. అయినా రైతు గోడుకు అందులో చోటు దొరకడం విశేషం.

ప్రోలయ తర్వాత పగ్గాలు కాపయ చేతికొచ్చాయి. 75 మంది నాయకులు అతని వెంట నిలిచారని 1423 నాటి కలువచేరు శాసనం చెబుతుంది. 1336 ప్రాంతంలో ఓరుగల్లు మళ్లీ చేజిక్కింది. కోట వదిలి ఢిల్లీకి పారిపోయిన పాలకుడు మాలిక్ మక్బూల్ కూడా తెలుగు గడ్డ మీద పుట్టి మతం మారినవాడే. కాపయ ‘ఆంధ్రసురత్రాణ’ బిరుదు ధరించాడు. సురత్రాణ అంటే సుల్తానే. శత్రువు హోదాను సంస్కృతంలోకి మార్చి తన పేరుకు తగిలించుకున్నాడన్నమాట.

ఢిల్లీపై తిరగబడిన దక్కను అమీర్లకూ అతను సాయపడ్డాడు. ఆ తిరుగుబాటులోంచే 1347లో బహమనీ రాజ్యం పుట్టింది. కొత్త పొరుగువాడు ఆ మేలు ఎన్నాళ్లో గుర్తుంచుకోలేదు. మొదట కౌలాసు కోట పోయింది, తర్వాత గోల్కొండ. ఇంటి పోరు సరేసరి: 1368 ప్రాంతంలో రేచర్ల నాయకులతో భీమవరం దగ్గర జరిగిన పోరులో కాపయ ప్రాణాలు విడిచాడు.

గోల్కొండతో పాటు బహమనీలకు ముట్టిన ఒక సింహాసనం గురించి చరిత్రకారుడు ఫెరిష్తా ముచ్చటగా రాశాడు. నల్లచేవ కర్ర, దానిపై బంగారు రేకులు, రత్నాలు, ఆకాశనీలం మీనాపని. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కోసం చేయించినదట. ‘తఖ్తె ఫిరోజా’ పేరుతో అది గుల్బర్గా దర్బారుకు చేరింది. ఒక్కో సుల్తానూ దానికి నగలు చేరుస్తూ పోయాడు. మహమూద్ షా కాలంలో పాత్రల్లో పొదగడానికి ఆ రాళ్లను ఊడబెరికారు.