నెల్లూరు నాగలికి తగిలిన రోము బంగారం

మా దొరవారిసత్రం నుండి నెల్లూరుకు రైలెక్కిన ప్రతిసారీ, దారిలో దున్నుతున్న చేను కనబడితే చాలు, పేరు తెలియని ఒక రైతు నాకు జ్ఞాపకం వస్తాడు.

అలెగ్జాండర్ డేవిడ్‌సన్ మద్రాసు గవర్నరుగా ఉన్న 1785-86 నాటి మాట. నెల్లూరు సమీపాన ఒక రాతిగుట్ట వాలున ఆ రైతు దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి అడుగున ఒక ముంత. ముంతలో క్రీ.శ. రెండవ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు! ట్రేజన్ (98-117), హేడ్రియన్ (117-138), ఫాస్టినా మహారాణి మన మట్టిలో నుండి పైకి వచ్చారు.

రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా నాణేలు మూసలో కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్-ఉల్-ఉమరా ముప్పైకి పైగా రాబట్టగలిగాడు. వాటిలో రెండు ఏరుకొనే అవకాశం గవర్నరుకు దక్కింది. దొరవారు ఒక హేడ్రియన్‌ను, ఒక ఫాస్టినాను ఎంచుకున్నారు. ఆ సంగతి ఆయన ఉత్తరంగా వ్రాయగా 'ఏషియాటిక్ రిసెర్చెస్' రెండవ సంపుటంలో అచ్చయింది.

దొర ఏరుకున్న రెండింటి కన్నా ఆయన వదిలిన వాటి మీదనే నాకు మక్కువ. కొన్ని నిన్ననే టంకశాల నుండి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. కొన్ని బాగా అరిగి, చిల్లులు పొడిచి ఉన్నాయట. చేతికో మెడకో ఆభరణంగా ధరించి ఉంటారని ఆయన ఊహ. నాణేలు సేకరించేవారి దృష్టిలో చిల్లు పడితే విలువ పడిపోతుంది. కాసులపేరు ఎరిగిన మనకు మాత్రం ఆ చిల్లులోనే కథంతా ఉంది. చక్రవర్తి శిరస్సు ఈ తీరాన ఏ ఇల్లాలి మెడలోనో వేలాడి ఉండాలి.

శాతవాహనులు సీసం, రాగి, పోటిన్, వెండి నాణేలు వేయించారే గాని బంగారు నాణేలు వేయించలేదు. వారి సీసపు నాణెం మీద తెరచాప కొయ్యలతో ఓడ బొమ్మ కూడా ఉంది. సముద్రం దాటి వచ్చిన ఔరియస్ ఇక్కడ ముఖవిలువతో గాక తూకంతో చెల్లి ఉంటుంది. హేడ్రియన్ నాటి ఔరియస్ బరువు ఏడు గ్రాముల పైచిలుకు, అంటే రెండు వరహాలకు మించిన బంగారం. ఇండియా ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు లాగేస్తున్నదని ప్లినీ వాపోవడంలో వింతేముంది?

రైతు బంగారాన్ని కరగనిచ్చాడని నిందించడం తేలిక. పది రూపాయలకు మించిన నిధి దొరికితే సర్కారుకు తెలపాలన్న చట్టం వచ్చింది 1878లో. పద్దెనిమిది వందల ఏళ్ళ నాడు ఈ తీరం వారు చేసిన పనే అతడూ చేశాడు: తూచి అమ్మాడు. నా ఫిర్యాదు చదువుకున్న వారి మీద. చేతికి చిక్కిన ముప్పై చిల్లర నాణేలకైనా దొర ఒక జాబితా వ్రాయలేదు. ఏ నాణెం నిగనిగలాడుతున్నదో, దేనికి చిల్లు ఉన్నదో విడివిడిగా చెప్పి ఉంటే, ఆ ముంత ఎప్పుడు పాతినదో లెక్క కట్టగలిగేవాళ్ళం.

కనీసం ఆ గుట్ట పేరు వ్రాసినా ఈపాటికి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి.