ఫేస్‌బుక్ వేదికయు దాని నాశ్రయించిన వెబ్‌సైటులును

గ్రంథరచన యొకటి, గ్రంథప్రచార మింకొకటి. పూర్వము కవి కావ్యమును రచించి కృతిభర్త నాశ్రయించెడివాఁడు. ప్రభువు సభలోఁ జదువఁబడిన కావ్యము దేశమునందు వ్యాపించెడిది. ఆశ్రయము లేని కావ్యము తాళపత్రములందే యుండిపోవుటయుఁ గలదు. ఇరువదియొకటవ శతాబ్దారంభమున వెబ్‌సైటులను, యాప్‌లను నిర్మించినవారికిని ఇట్టి యవస్థయే సంప్రాప్తమైనది. వారి కృతిభర్త సామాజిక మాధ్యమము. ఈ యాశ్రయ మెట్లు కలిగెనో, దానివలన లభించిన దేమో, నష్టమైన దేమో కాలక్రమమున విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

టిమ్ బెర్నర్స్ లీ 1989లో జెనీవా సమీపమందలి సెర్న్ పరిశోధనాలయమున వెబ్ పద్ధతిని ప్రతిపాదించెను. 1993వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదిని ఆ సంస్థ దానిని రుసుము లేకుండ సర్వజనోపయోగార్థము విడిచిపెట్టెను. ఎవ్వఁడైనను ఆ పద్ధతి ననుసరించి తన పుటను నెలకొల్పుకొనుటకు ఒక ప్రభువు ననుమతి యడుగవలసిన పని లేకపోయెను. పాఠకుఁడు ఆ పుటను చేరుటకు ఇతర పుటలందలి లంకెలును, అన్వేషణ యంత్రములును ముఖ్యమార్గములు.

2004 ఫిబ్రవరిలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫేస్‌బుక్ పుట్టినది. మొదట మిత్రుని సమాచారము నెఱుఁగఁగోరువాఁడు వాని పుటకుఁ బోయి చూడవలసియుండెను. 2006 సెప్టెంబరులో 'న్యూస్ ఫీడ్' అను వార్తాధార యేర్పడినది. అప్పటినుండి సమాచారమే చదువరికడకు నడచివచ్చుచుండెను. ఈ మార్పు చిన్నదిగాఁ దోఁచును గాని తరువాతి చరిత్రమున కంతకు నిదియే మూలము. ఏలయనఁగా, ఏది ముందు కనఁబడవలయునో, ఏది మఱుఁగుపడవలయునో నిర్ణయించు నధికార మప్పుడు వార్తాధారను నడపువారి చేతఁ జిక్కెను.

2007 మే 24వ తేదిని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఫేస్‌బుక్ తన వేదికను ఇతర నిర్మాతలకుఁ దెఱచెను. ఒకఁడు ఒక యాప్‌ను వాడిన సంగతి వాని మిత్రులకుఁ దెలియుటయు, వారును దానిని వాడఁజొచ్చుటయు నీ వేదికయొక్క ప్రధానాకర్షణము. 2009 జూనులో జింగా సంస్థ వెలువరించిన 'ఫార్మ్‌విల్' అను వ్యవసాయక్రీడ దీని కుత్తమోదాహరణము. అందు విత్తిన పైరును వేళకుఁ గోయనిచో నది వాడిపోవును. పొలము పెరుగవలెనన్న మిత్రులను పొరుగువారినిగాఁ జేర్చుకొనవలయును. అనఁగా ప్రచారము క్రీడకుఁ దరువాత నతికించిన యలంకారము గాదు, పునాదియందే చేర్పఁబడినది. 2010 నాఁటికి నెలకు 8 కోట్ల మందికిఁ బైఁబడి దీని నాడుచుండిరి. ఆడనివారు మాత్రము ఎడతెగక వచ్చు వర్తమానములకు విసిగిపోయిరి. 2010 మార్చిలో ఫేస్‌బుక్ యాప్‌లనుండి వచ్చు నట్టి ప్రకటనలను నిలిపివేసెను. 2011లో ఫేస్‌బుక్ యాదాయమున నూటికి 12 వంతులు జింగా మూలమున వచ్చినది. జింగా యాదాయమన్ననో దాదాపుగా సర్వమును ఫేస్‌బుక్ మూలముననే వచ్చినది. ఇది పరస్పరాశ్రయమే గాని సమానాశ్రయము గాదు. ఫ్లాష్ సాంకేతికము ముగిసినందునఁ దుదకు 2020 డిసెంబరు 31న నా క్రీడ మూయఁబడినది.

2010 ఏప్రిల్ 21న 'లైక్' మీట ఫేస్‌బుక్ ప్రాకారమును దాటి యన్యుల పుటలకు వచ్చెను. దానితోడనే 'ఓపెన్ గ్రాఫ్' అను నియమావళి వెలువడినది. ప్రతి పుటయు తన శిరోభాగమున శీర్షిక, జాతి, చిత్రము, చిరునామా యను నాలుగింటిని ప్రత్యేకముగాఁ బ్రకటింపవలయునని దాని విధి. ఇవి చదువరి కన్నులకుఁ గనఁబడునవి గావు. పుటను మిత్రులకుఁ బంపినపుడు తోఁచు ముఖపత్రమును గూర్చునవి. ఇందువలన నొకే రచనకు లోపలి శీర్షిక యొకటి, వెలుపలి శీర్షిక యొకటి యుండుట సాధ్యమయ్యెను. 2012లో స్థాపితమైన 'అప్‌వర్దీ' యీ విద్యయందు ప్రసిద్ధి కెక్కినది. ఒక్కొక్క విషయమునకు 25 శీర్షికలు వ్రాసి, వానిలో నేది యెక్కువమందిని రప్పించునో పరీక్షించుట వారి పద్ధతి. 2013 డిసెంబరులో వార్తాధారయొక్క నిర్ణయసూత్రములు మాఱినవి. మఱి కొన్ని నెలలలోనే వారి చదువరుల సంఖ్య మిక్కిలి తగ్గెను.

వృత్తాంతపత్రికలును ఈ మార్గమునఁ బోకపోలేదు. 2011లో వాషింగ్టన్ పోస్టు, గార్డియన్ పత్రికలు ఫేస్‌బుక్ లోపలనే పఠనయాప్‌లను నెలకొల్పెను. ఒకఁడు వార్తను జదివినంతనే యా సంగతి మిత్రులకుఁ దానంతటఁ దెలియుచుండెను. చదువరులు వేలంవెఱ్ఱిగా వచ్చిరి; వార్తల ప్రదర్శనరీతి మాఱఁగానే యంత వేగముగఁ దగ్గిరి. 2012 ముగియులోపల నా రెండు పత్రికలును పాఠకులను మరలఁ దమ సొంత పుటలకే రప్పించుకొన నిశ్చయించినవి.

ఇట్లు ద్వారములు మూయుట యంతయు ప్రభువుయొక్క దురాశయే యనుట న్యాయము గాదు. 2013లో నొక ప్రశ్నావళి యాప్‌ను సుమారు 2,70,000 మంది స్వీకరింపఁగా, మిత్రుల సమాచారమునుగూడ నిచ్చు నాఁటి నియమమువలన 8 కోట్ల 70 లక్షల మంది వరకు వివరములు కేంబ్రిడ్జి ఎనలిటికా సంస్థకుఁ జిక్కినట్లు 2018లో బయల్పడినది. అందులకై 2019లో అమెరికా ప్రభుత్వ వాణిజ్యసంఘము ఫేస్‌బుక్‌నకు 500 కోట్ల డాలర్ల దండన విధించెను. మిత్రుల వివరములనిచ్చు నా ద్వారము 2015 ఏప్రిల్ నాఁటికే మూయఁబడియుండెను. కొన్ని ద్వారములు మూయఁదగినవే. అయినను మూయుటకైనను దెఱచుటకైనను నిర్మాతకు స్వాతంత్ర్యము లేదన్నది స్పష్టము.

ట్విట్టరు చరిత్రమును దీనికి సాక్షి. 2007లోఁ బుట్టిన 'ట్విటరిఫిక్' అను నన్యుల యాప్ వలననే 'ట్వీట్' అను పదమును, పక్షిచిహ్నమును ఆ మాధ్యమమునకు సంక్రమించినవి. పేరును ధ్వజమును సమకూర్చిన యా యాప్‌కే 2023 జనవరిలోఁ బ్రవేశము నిరాకరింపఁబడినది.

దీనినిబట్టి ప్రచారమునే విసర్జింపవలయునని నా మతము గాదు. ఓపెన్ గ్రాఫ్ వంటి ముఖపత్రమును జేర్చుట సులభము, ఉపయుక్తము, నిర్దోషము. ముఖపత్రమును గ్రంథముగా నెంచుటయే దోషము. సొంత చిరునామా గల పుట, మాధ్యమము మాఱినను, చదువరులు తగ్గినను, నిలిచియుండును. దాని ప్రతులను భద్రపఱచుటయు సులభము. వేదిక లోపలనే కట్టినది వేదికతోఁ బోవును. నేఁడు మన సాహిత్యసంఘములు శాసనపాఠములను, తాళపత్ర ప్రతుల వివరములను సామాజిక మాధ్యమములందు మాత్రమే ప్రకటించుచుండుట కలదు. పదియేండ్లు గడచినపిమ్మట నట్టి పాఠమును వెదకి తీయుట యెంత కష్టమో పరిశోధకులకుఁ జెప్పనక్కఱలేదు. పాఠమును సొంత పుటయందుంచి, దాని వార్తను మాత్రము మాధ్యమమునఁ జాటింపవలయును. పోతన భాగవతమును నరాధిపుల కీయలేదని మనవారు నేఁటికిని జెప్పుకొందురు. ఆ గ్రంథము ప్రచారములేక చెడలేదు.